పువ్వుల ముమ్మడి నిలిపిన రాయి

నల్లగొండ నేల కథ: 14వ భాగం

గత భాగం ఫణిగిరి కొండ మీద ఆగింది. ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుడి 18వ ఏట అక్కడ నిలిపిన శాసన స్తంభం, 2024లో ఒక కుండలో బయటపడ్డ 3,730 సీసపు నాణేలు, 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా వెళ్లిన ఫణిగిరి శిల్పాలు అందులో వచ్చాయి. అదంతా భిక్షువులు, వర్తకులు, దానాలు ఇచ్చిన స్త్రీల కథ. ఈ భాగం కత్తి పట్టినవాళ్లది. వాళ్లు పోయాక వాళ్ల గుర్తులు నిలబెట్టినవాళ్లది, శతాబ్దాల తర్వాత ఆ గుర్తులను వెతికి పోగుచేసినవాళ్లది కూడా.

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే పెద్దరోడ్డు నార్కెట్‌పల్లి దాటాక కట్టంగూర్ మీదుగా నకిరేకల్ వైపు సాగుతుంది. బస్సు కిటికీలోంచి చూసేవాళ్లకు పత్తి చేలు, బత్తాయి తోటలు, తాటి వనాలు, మధ్యమధ్య చెరువు కట్టలు కనిపిస్తాయి. ఈ రోడ్డుకు అటూ ఇటూ ఉన్న పల్లెల్లో పాత శివాలయాల ముందో, చెరువు అలుగు దగ్గరో, ఊరి మొదట్లో వేపచెట్టు కిందో నడుము ఎత్తు రాయి ఒకటి పాతి ఉండటం కొత్త విషయం కాదు. దాని మీద కత్తి ఎత్తిన మనిషి బొమ్మ ఉంటుంది. పండుగనాడు దానికి పసుపు, కుంకుమ, నూనె అందుతాయి. ఊరి పిల్లలకు ఆయన వీరన్నో, పోతరాజో. ఆయన ఎవరి బంటు, ఏ పోరులో పడ్డాడు, ఎవరు ఏడ్చి ఆ రాయి నిలబెట్టారు అన్నది చాలా ఊళ్లలో ఎప్పుడో మరుగున పడింది.

ఒక్క చోట మాత్రం పేరు, తేదీ, కారణం మూడూ నిలిచాయి. ఆ చోటు కట్టంగూర్ పక్క మండలమైన నకిరేకల్‌లోని చందుపట్ల.

శాలివాహన శకం 1211, విరోధి నామ సంవత్సరం, మార్గశిర శుద్ధ ద్వాదశి. ఇప్పటి లెక్కలో 1289 నవంబరు 27. ఆ రోజు పువ్వుల ముమ్మడి అనే బంటు చందుపట్ల సోమనాథ దేవరకు భూమి దానం చేసి, ఆ సంగతి రాతి మీద చెక్కించాడు. అతడు మల్లికార్జున నాయకుడి కొలువులోని మనిషి. మల్లికార్జునుడు కాకతీయుల సేనాపతి. దానం ఎందుకంటే, కాకతి రుద్రమదేవి, మల్లికార్జున నాయకుడు శివలోకానికి చేరారు, వాళ్లకు పుణ్యం కలగాలి అని. కవిత్వం లేదు, బిరుదుల వరసలు లేవు. ఏలిక పోయింది, నాయకుడు పోయాడు, మిగిలిన బంటు తన చేతనైన పని చేశాడు.

కాకతీయ సామ్రాజ్యంలో ముమ్మడి చిన్నవాడు. ఆస్థానంలో అతడి పేరు తలచిన కవి లేడు. అయినా ఓరుగల్లు కోట శిల్పాలు, వేయిస్తంభాల గుడి శాసనాలు చెప్పలేని విషయం అతడి రాయి చెప్పింది. రుద్రమదేవి మరణానికి కాలం తేల్చింది ఈ చిన్న దానశాసనమే.

రాణికీ సేనాపతికీ ఒకేసారి పుణ్యదానం ఎందుకు చేయవలసి వచ్చింది? దానికి జవాబు కాయస్థుల కథలో ఉంది.

కాయస్థులు రుద్రమ తండ్రి గణపతిదేవుడి కాలంలో కాకతీయుల కొలువుకు వచ్చిన యోధులు. వాళ్లలో గంగయ సాహిణి గుర్రపు దళాల నాయకుడు. గణపతిదేవుడి నమ్మకం సంపాదించి పెద్ద సీమకు పాలకుడయ్యాడు. అతడి తర్వాత జన్నిగదేవుడి ఏలుబడి మన పానగల్లు నుంచి ఇప్పటి కర్ణాటకలోని కైవారం దాకా సాగింది. కృష్ణ దాటి, నల్లమల దాటి, కడప సీమ దాటి పోయే అంత నేల అది. ఓరుగల్లు సింహాసనం మీద ఎవరున్నా దక్షిణాన కాపలా కాసేది కాయస్థులే. సరిహద్దు కాచేవాడి చేతిలో గుర్రాలు, కోటలు, పన్నులు అన్నీ ఉన్నప్పుడు విధేయత అతడి మనసును బట్టే ఉంటుంది. గంగయ, జన్నిగ, తర్వాత వచ్చిన త్రిపురారి ఓరుగల్లుకు తలవంచారు. 1272 ప్రాంతంలో అధికారానికి వచ్చిన అంబదేవుడు వంచలేదు.

అంబదేవుడు ఒక్కొక్క నాయకుణ్నే ఓడిస్తూ వచ్చాడు. గురిజాల శ్రీపతి గణపతిని కొట్టి అతడి బిరుదు తనకు తగిలించుకున్నాడు. దక్షిణాన పాండ్యులతో, పడమట దేవగిరి యాదవులతో చెలిమి కలుపుకున్నాడు. స్త్రీ ఏలికకు లోబడటం ఇష్టంలేని సామంతులు రుద్రమకు మొదటినుంచీ ఉన్నారు. 1262లో ఆమె పట్టానికి వచ్చిన తొలినాళ్లలోనే దేవగిరి సేనలు ఓరుగల్లు దాకా వచ్చాయి. వాటిని తరిమికొట్టిన రాణి ఆమె. కానీ 1280లు వచ్చేసరికి వయసు పైబడింది. మనుమడు ప్రతాపరుద్రుడు అప్పుడప్పుడే రాజ్యభారం మోయడం నేర్చుకుంటున్నాడు. అంబదేవుడికి అదే అదను.

1290 నాటి త్రిపురాంతకం శాసనంలో అంబదేవుడు తన విజయాలు ఏకరువు పెట్టుకున్నాడు. మల్లికార్జునుడి రాజ్యాంగాలు ఏడింటినీ హరించానని అందులో చెప్పుకున్నాడు. చందుపట్లలో మల్లికార్జునుడు శివలోకం చేరాడన్న మాటనూ, త్రిపురాంతకంలో అతణ్ని ఓడించానన్న మాటనూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడే 1289 చివర్లో ఏం జరిగిందో అర్థమవుతుంది. అంబదేవుడి మీదికి వెళ్లిన సేనలతో రుద్రమదేవి కూడా వెళ్లి, సేనాపతితో పాటే ఆ పోరులో నేలకొరిగిందని చరిత్రకారులు భావించడానికి ఆధారం ఇదే. ఒకటి గెలిచినవాడు గొప్ప చెప్పుకోవడానికి చెక్కించుకున్నది. రెండోది ఓడిన పక్షంలో మిగిలిన బంటు దుఃఖంతో చెక్కించినది.

కాకతీయులు ఊరుకోలేదు. 1291లో ప్రతాపరుద్రుడి సేనలు త్రిపురాంతకం మీదికి కదిలాయి. అంబదేవుడి బలం అక్కడినుంచి తగ్గుతూ వచ్చింది. ఆ పోరులో గెలిచిన సేనానుల పేర్లు శాసనాల్లో ఉన్నాయి. ముమ్మడి మళ్లీ ఎక్కడా కనిపించడు.

దాదాపు ఆ రోజుల్లోనే వెనిస్ వర్తకుడు మార్కో పోలో చైనా నుంచి తిరిగి వెళ్తూ మన తూర్పు తీరం గురించి తెలుసుకున్నాడు. మోటుపల్లి రేవు రాజ్యాన్ని భర్త పోయాక నలభై ఏళ్లుగా ఒక రాణి ఎంతో న్యాయంగా ఏలుతోందని రాశాడు. నిజానికి రుద్రమ గణపతిదేవుడి కూతురు. విదేశీ వర్తకుడు ఆమెను ఆయన భార్య అనుకున్నాడు. ఆమె పేరు ప్రతిష్ఠలు సముద్రం దాటి వెళ్లాయి, ఆమె చివరి ఘడియలు మాత్రం నకిరేకల్ పక్క పల్లెలో బంటు నిలిపిన రాయి మీద మిగిలాయి.

బంటు అంటే ఎవరు? కాకతీయుల కాలంలో నాయంకర పద్ధతి నడిచింది. రాజు నాయకుడికి ఊళ్లు ఇస్తాడు. నాయకుడు ఆ ఊళ్ల ఆదాయంతో ఇన్ని గుర్రాలు, ఇన్ని ఏనుగులు, ఇంతమంది బంట్లు అని లెక్క ప్రకారం సిద్ధంగా ఉంచాలి. బంటుకు పొలం ఉంటుంది, కాడెద్దులు ఉంటాయి. పిలుపు వచ్చినప్పుడు ఈటె, డాలు తీసుకుని బయలుదేరతాడు. లెంకలని ఇంకో వర్గం ఉండేది. ఏలినవాడితోనే బతుకు, ఏలినవాడితోనే చావు అని ప్రమాణం చేసినవాళ్లు వాళ్లు. కాబట్టి నాయకుడు పోతే బంటు ఇంటికి కష్టం రెండు వైపుల నుంచి వచ్చేది. దిక్కు పోయేది, దానితో బతుకుతెరువూ పోయేది.

అయితే పడిన వీరులకు నిలిపే రాళ్లు, అంటే వీరగల్లులన్నీ రాజుల యుద్ధాల్లో పడ్డవాళ్లవి కావు. ఈ మెట్ట ప్రాంతంలో పశువే సంపద. వాన తక్కువ, చెరువు నిండితేనే వరి. లేకపోతే జొన్న, ఆముదం, మేకలు, ఆవులు. అలాంటి చోట పక్క సీమవాళ్లు మందను తోలుకుపోవడం అంటే ఊరి నోటి దగ్గరి కూడు లాక్కుపోవడమే. మంద వెంట పరుగెత్తి, అడ్డం తిరిగి, ఆలను మళ్లించి చచ్చిపోయినవాడికి ఊరు రాయి నిలిపింది. పొలిమేర తగవులో పడ్డవాడికి, పులిని చంపి తానూ చచ్చిపోయినవాడికి కూడా నిలిపింది. శైవం ఉధృతంగా ఉన్న రోజుల్లో దేవుడి ముందు తల అర్పించుకున్నవాళ్లూ ఉన్నారు. అలాంటి వీరుల కోసం శ్రీశైలంలో రెడ్డిరాజు అనవేముడు 1377లో వీరశిరోమండపం కట్టించాడు.

వీరగల్లును దగ్గరగా చూస్తే ఆ కాలం దుస్తులు, ఆయుధాలు, నమ్మకాలు అన్నీ అందులో దొరుకుతాయి. రాతిని సాధారణంగా అడ్డంగా మూడు అరలు చేస్తారు. కింది అరలో పోరు. వీరుడి కొప్పు ఒక పక్కకు ముడివేసి ఉంటుంది. నడుముకు బిగించిన దట్టీ, అందులో బాకు. కుడిచేతిలో ఎత్తిన కత్తి, ఎడమచేతిలో గుండ్రటి డాలు. ఎదురుగా శత్రువులు చిన్నగా ఉంటారు, వీరుడు పెద్దగా ఉంటాడు. పశువుల కోసం పోరాడినవాడైతే పక్కన ఆవుల బొమ్మలు కనిపిస్తాయి. మధ్య అరలో ఇద్దరు అప్సరసలు వీరుణ్ని చెరో చేయి పట్టుకుని పైకి తీసుకెళ్తారు. వాళ్ల చేతుల్లో వింజామరలు. పై అరలో శివలింగం, దాని ముందు చేతులు జోడించి కూర్చున్న వీరుడు, అప్పటికి కత్తి లేదు. అంచున సూర్యుడు, చంద్రుడు ఉంటారు. అవి ఉన్నంతకాలం ఈ కీర్తి ఉంటుందని. కొన్ని రాళ్ల మీద వీరుడి పక్కన భార్య బొమ్మ కూడా ఉంటుంది. గాజులున్న చేయి పైకెత్తి ఉంటే ఆమె సహగమనం చేసిందని అర్థం. ఆ రాయి ముందు నిలబడితే వీరుడి ధైర్యం తలచుకోవాలా, ఆ ఇల్లాలి మీదికి వచ్చిన కష్టానికి కుమిలిపోవాలా అన్నది తేలదు. రెండూ చేయవలసిందే.

ఊరు రాయి నిలిపి చేతులు దులుపుకోలేదు. పడినవాడి కుటుంబానికి పన్ను లేని మాన్యం ఇవ్వడం ఆనాటి పద్ధతి. పోరులో పోయినవాడి పిల్లలు ఆకలితో మాడితే రేపు మంద వెనక పరుగెత్తడానికి ఎవరు ముందుకొస్తారు?

పోయినవాళ్లకు రాయి నిలపడం ఈ కృష్ణా తీరంలో కాకతీయుల నాటిది కూడా కాదు. ముమ్మడికి వెయ్యేళ్ల ముందే, క్రీ.శ. 3వ శతాబ్దిలో విజయపురిలో ఆ పని జరిగింది. అదే తర్వాతి నాగార్జునకొండ.

ఇక్ష్వాకు వంశానికి మూలపురుషుడు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు. యుద్ధదేవుడైన మహాసేనుణ్ని కొలిచాడు. అగ్నిష్టోమం, వాజపేయం, అశ్వమేధం చేశాడు. కోట్ల బంగారం, లక్ష గోవులు, లక్ష నాగళ్ల నేల దానం చేశాడని శాసనాలు అంటాయి. కొడుకు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరంలో, స్వర్గస్థుడైన ఆ రాజుకు గుర్తుగా ఒక సున్నపురాతి స్తంభం లేచింది. నిలబెట్టింది మంత్రులు కాదు, సేనాపతులు కాదు. రాజు తల్లులు, అక్కచెల్లెళ్లు, భార్యలు. వాళ్లందరి పేర్లూ ప్రాకృతంలో, బ్రాహ్మీ అక్షరాల్లో ఆ స్తంభం మీద వరుసగా ఉన్నాయి. అంతఃపురం స్త్రీల పేర్లు ఇంత వివరంగా ఇచ్చిన శాసనాలు ఆ కాలానికి తక్కువ.

అలాంటి స్తంభాలను ఆనాటివాళ్లు ఛాయాఖంభాలన్నారు. విజయపురిలో అవి రాజులకే పరిమితం కాలేదు. సేనాపతులకు, మామూలు సైనికులకు, పనివాళ్ల పెద్దలకు కూడా నిలబెట్టారు. అప్పటి రాజకీయం చూస్తే సైనికుల స్తంభాలు ఎందుకన్నది తెలుస్తుంది. శాతవాహనులు కూలిపోయాక దక్కన్ ముక్కలైంది. పడమట ఆభీరులు, శకులు, వనవాసిలో చుటు వంశం. ఎవరికి వారే పెద్ద. ఆభీర రాజు వసుషేణుడి 30వ ఏటి శాసనం ఏకంగా నాగార్జునకొండ లోయలోనే దొరికింది. బయటి రాజు కాలాన్ని లెక్కపెట్టుకున్న శాసనం రాజధానిలోనే లేచిందంటే ఇక్ష్వాకులు ఎంత ఒత్తిడి మధ్య బతికారో ఊహించవచ్చు.

ఈ స్తంభాలూ వీరగల్లులూ మనదాకా ఎలా చేరాయి? ఈ కథకు ఇది రెండో సగం. ఇందులోని వీరులు కత్తికి బదులు కుంచె, కాగితం పట్టినవాళ్లు.

మొదటగా చెప్పవలసిన పేరు కొమర్రాజు లక్ష్మణరావు. పెనుగంచిప్రోలులో పుట్టి, చిన్నప్పటి చదువు మన భువనగిరిలో సాగించి, తర్వాత నాగపూర్ వెళ్లి, మునగాల సంస్థానంలో దివాను అయ్యారు. మునగాల ఇప్పుడు ఇదే పెద్దరోడ్డు మీద, సూర్యాపేట దాటాక వస్తుంది. అప్పట్లో చుట్టూ నిజాం నేల, మధ్యలో బ్రిటిష్ వారి కృష్ణా జిల్లాకు చెందిన ముక్కగా ఉండేది. మునగాల రాజా నాయని వెంకటరంగారావు అండగా ఉంటే, లక్ష్మణరావు 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పుట్టుకలో, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పుట్టుకలో ముందు నిలిచారు. పుక్కిటి పురాణాలను పక్కనబెట్టి శాసనం ఏం చెబుతోందో అది రాయాలన్నది ఆయన పట్టుదల.

1921లో హైదరాబాద్‌లో జరిగిన ఒక సభలో తెలుగులో మాట్లాడబోయిన వక్తను ఎగతాళి చేయడంతో తెలుగువాళ్లు విడిగా ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. కొలువు భాష ఉర్దూ, కచేరీ భాష ఉర్దూ. సభ పెట్టాలంటే సర్కారు అనుమతి కావాలనే గస్తీ నిషాన్ 53 నడిచిన రాజ్యం అది. రాజకీయం మాట్లాడటానికి దారులు మూసుకుపోయిన చోట గ్రంథాలయం, పత్రిక, చరిత్ర పరిశోధన తెలుగువాళ్లకు ఊపిరి పీల్చుకునే చోట్లయ్యాయి. 1922లో పరిశోధక సంఘం మొదలైంది. అదే ఏడాది నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకట రామనరసింహారావు ‘నీలగిరి’ పత్రిక తెచ్చారు. 1923లో లక్ష్మణరావు కన్నుమూశాక పరిశోధక సంఘం ఆయన పేరు పెట్టుకుని లక్ష్మణరాయ పరిశోధక మండలి అయింది. ఆదిరాజు వీరభద్రరావు దానికి వెన్నెముకగా నిలిచారు. శేషాద్రి రమణ కవులు ఊరూరా తిరిగి తాటాకు గ్రంథాలు, శాసన నకళ్లు పోగుచేశారు. ఆ కృషి ఫలమే 1935లో వెలువడ్డ ‘తెలంగాణా శాసనములు’ మొదటి సంపుటం.

శాసనం నకలు తీయడం చూడటానికి చిన్న పనిలా ఉంటుంది. ముందు రాతిని నీళ్లతో, గట్టి కుంచెతో కడగాలి. నాచు, సున్నం, ఏళ్ల తరబడి పేరుకున్న నూనె జిడ్డు పోవాలి. తడిపిన కాగితాన్ని గాలి బుడగ లేకుండా రాతికి అతికించాలి. దాని మీద కుంచెతో పదేపదే కొడితే కాగితం అక్షరాల గుంటల్లోకి దిగుతుంది. తడి ఆరీ ఆరకముందే సిరా అద్దిన మెత్తతో పైపైన తడితే రాయి మట్టం నల్లగా, అక్షరాలు తెల్లగా తేలతాయి. గాలి వీస్తే కాగితం లేచిపోతుంది, ఎండ ముదిరితే చిట్లుతుంది. అన్నిటికన్నా ముందు ఊరివాళ్లను ఒప్పించాలి. రాతి కింద లంకెబిందెలున్నాయని నమ్మే ఊళ్లు ఉన్నాయి, ముట్టుకుంటే గ్రామదేవతకు కోపం వస్తుందని అడ్డుపడే ఊళ్లు ఉన్నాయి. బండ్లబాటల్లో, కాలినడకన పోయి, గుడి అరుగు మీద పడుకుని వాళ్లు ఆ పని చేశారు.

సర్కారు వైపునుంచీ పని జరిగింది. 1914లో నిజాం రాజ్యంలో పురావస్తు శాఖ ఏర్పడింది. గులాం యజ్దానీ దాని తొలి అధిపతి. అజంతా చిత్రాలను లోకానికి చూపిన పండితుడాయన. 1930ల ఆరంభానికి హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లో మ్యూజియం తలుపులు తెరుచుకున్నాయి. పల్లెల్లో దొరికిన శిల్పాలకు, నాణేలకు, శాసనాలకు అక్కడ నీడ దొరికింది. మండలి పండితులు అక్షరాన్ని వెతికారు, శాఖ అధికారులు రాతిని, కట్టడాన్ని కాపాడారు. భాష విషయంలో ఇద్దరి మధ్య దూరం ఉన్నా, ఒకరి పని లేకుండా ఇంకొకరిది పూర్తయ్యేది కాదు.

కృష్ణ అవతలి ఒడ్డున 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు నాగార్జునకొండ లోయలో ఒక పాతకాలపు స్తంభం చూసి మద్రాసు సర్కారుకు తెలియజేశారు. శాసన శాఖలో తెలుగు సహాయకుడు సరస్వతి వచ్చి చూసి చోటు విలువ గుర్తించారు. 1927 నుంచి 1931 దాకా లాంగ్‌హర్స్ట్, 1938లో టి.ఎన్. రామచంద్రన్ తవ్వారు. స్తూపాలు, విహారాలు, ఛాయాఖంభాలు ఒక్కొక్కటే మట్టిలోంచి లేచాయి. ఈ రోజు దేశదేశాల వాళ్లు పడవ ఎక్కి చూసి వచ్చే మ్యూజియానికి తొలి పునాది ఒక పంతులు గారు కబురు పంపడంలో ఉంది. ఆయన ఆ స్తంభాన్ని పెకలించి ఇంటికి తెచ్చుకోలేదు. ఉన్నచోటే ఉంచి, ఉన్నచోటు చెప్పారు. పోగుచేసే పనిలో అన్నిటికన్నా విలువైనది అదే.

తర్వాత నీళ్లు వచ్చాయి. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేశారు. లోయ మునగడం ఖాయమైంది. 1954 నుంచే ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో 1960 దాకా తవ్వకాలు గడువుతో పరుగుపెట్టాయి. నల్లగొండ ఒడ్డున ఏలేశ్వరంలో మహమ్మద్ అబ్దుల్ వహీద్ ఖాన్ ఆధ్వర్యంలో రాష్ట్ర పురావస్తు శాఖ పని చేసింది. పెద్దరాతి యుగం సమాధులు మొదలుకొని మధ్యయుగపు గుళ్ల దాకా అన్ని కాలాలూ అక్కడ పొరలు పొరలుగా బయటపడ్డాయి. ఎంపిక చేసిన కట్టడాలను విప్పి కొండ మీదికి, అనుపుకి తరలించారు. 1966లో నీటి మధ్య మిగిలిన నాగార్జునకొండ మీద మ్యూజియం వెలసింది. వీరుల స్తంభాలు లోయ వదిలి కొండెక్కాయి.

నల్లగొండ పక్కనే పానగల్లులో పచ్చల సోమేశ్వరాలయం ఆవరణలోని మ్యూజియం చిన్నది. ఏలేశ్వరం శిల్పాలకు, జిల్లా పల్లెల్లోంచి వచ్చిన రాళ్లకు అది చేరువైన నీడ. పానగల్లు ఒకప్పుడు కందూరు చోడుల రాజధాని. 1163 నాటి హనుమకొండ శాసనంలో కాకతి రుద్రదేవుడు ఓడించానని చెప్పుకున్న భీముడు ఈ వంశంవాడే. అదే వంశపు ఉదయుడి కూతుర్ని రుద్రదేవుడు పెళ్లాడాడు. కొట్లాట, వియ్యం రెండూ ఒకే ఇంటితో. ఉదయుడి పేరు మీదున్న ఉదయసముద్రం చెరువు ఇప్పటికీ నిండుతోంది. దాని నీటిని ఎత్తిపోసి నకిరేకల్, మునుగోడు, నల్లగొండ ప్రాంతాల పొలాలకు ఇవ్వడానికే బ్రాహ్మణ వెల్లెంల పథకం వచ్చింది.

మ్యూజియంలో రాయి భద్రంగా ఉంటుంది. ఎండ లేదు, దొంగ భయం తక్కువ. కానీ అది ఏ ఊరి చెరువు కట్ట మీద, ఏ దిక్కుకు ముఖం పెట్టి నిలబడిందో పలకమీద లేకపోతే సగం కథ పోయినట్టే. చందుపట్ల రాయి నుంచి చందుపట్ల పేరు తీసేసి చూడండి. అంబదేవుడి తిరుగుబాటుకూ, కృష్ణ వైపు వెళ్లే దారికీ, నకిరేకల్ సీమకూ ఉన్న లంకె తెగిపోతుంది. ఒక బంటు దానం చేశాడన్న మాటే మిగులుతుంది.

ఆ లంకె తెగకుండా చూసినవాళ్లలో పి.వి. పరబ్రహ్మశాస్త్రి ముఖ్యులు. రాష్ట్ర పురావస్తు శాఖలో శాసనాలు చదవడమే వృత్తిగా జీవించారు. అప్పటిదాకా చరిత్ర పుస్తకాలు రుద్రమ పాలనను 1295 దాకా లెక్కవేసేవి. చందుపట్ల శాసనం ఆధారంగా ఆయన 1289కి తెచ్చారు. 1978లో వచ్చిన ఆయన కాకతీయుల చరిత్ర గ్రంథం తర్వాత ఆ లెక్కే నిలిచింది. ఒక ఊరి రాయి ఒక సామ్రాజ్యం కాలక్రమాన్ని మార్చింది. 2017లో వరంగల్ దగ్గర బొల్లికుంటలో బయటపడ్డ రెండు శిల్పాలను రుద్రమ చివరి పోరుకు సంబంధించినవిగా పురావస్తు అధికారులు గుర్తించినప్పుడు మళ్లీ అందరి నోటా చందుపట్ల పేరే వినిపించింది.

ఇంకొకరు మన వలిగొండ బిడ్డ బి.ఎన్. శాస్త్రి. పూర్తిపేరు భిన్నూరి నరసింహశాస్త్రి. ‘మూసీ’ పత్రిక పెట్టి, నల్లగొండ జిల్లా శాసనాలను సంపుటాలుగా తెచ్చి, ఈ జిల్లా ఊళ్ల పేర్లను చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కించారు. విశ్వవిద్యాలయం గోడల మధ్య జరిగిన పని కాదది. ఊరి నుంచి ఊరికి తిరుగుతూ, అచ్చు ఖర్చు తామే చూసుకుంటూ చేసిన పని.

యోధులకు గుర్తు నిలిపే పద్ధతి ఇరవయ్యో శతాబ్దిలో రూపం మార్చుకుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో హైదరాబాద్ లాన్సర్లు సముద్రం దాటి సూయెజ్ కాలువ దాకా వెళ్లారు. జోధ్‌పూర్, మైసూరు, హైదరాబాద్ రౌతుల కోసం 1920ల్లో ఢిల్లీలో మూడు కంచు విగ్రహాలు నిలబడ్డాయి. తీన్ మూర్తి అన్న పేరు వాటినుంచే వచ్చింది. అక్కడ రాజ్యం తన సైన్యాన్ని తలచుకుంది. పల్లెలో వీరగల్లు దగ్గర తలచుకున్నది ఇల్లు, ఊరు, తోటి బంటు.

ఈ పద్ధతి మన జిల్లాలో అంతటితో ఆగలేదు. 1946 జులై 4న, అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకా కడవెండిలో దొరసాని గడీ మనుషుల తుపాకులకు దొడ్డి కొమరయ్య బలయ్యాడు. అక్కడినుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటంలో పడినవాళ్ల కోసం ఊరూరా కొత్త గుర్తులు లేచాయి. ఈసారి ఏనుగులు లేవు, అప్సరసలు లేరు. ఎర్రరంగు స్థూపం, దాని మీద పేర్ల వరుస. ఆ పేర్లలో గొల్లలు, చాకళ్లు, మాదిగలు, మాలలు, రెడ్లు, ముస్లింలు అందరూ ఉన్నారు.

వచ్చే భాగంలో ఆ స్థూపాల కథ. కడవెండి ఊరేగింపు ఎలా మొదలైంది, గడీ ముందు ఏం జరిగింది, చిట్యాల మండలం గుండ్రాంపల్లి రజాకార్ల చేతిలో ఏం చూసింది, ఆరుట్ల కమలాదేవి, మల్లు స్వరాజ్యం లాంటి స్త్రీలు తుపాకీ ఎలా పట్టారు, బొల్లేపల్లిలో పుట్టిన రావి నారాయణరెడ్డి 1952 ఎన్నికల్లో నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లతో నల్లగొండ నుంచి పార్లమెంటుకు ఎలా వెళ్లారు, పోరాటంలో మిగిలినవాళ్లు ఆ తర్వాత ఎలా బతికారు అన్న విషయాలు అందులో వస్తాయి.